ఉన్నావా బావా?

మా పక్క కొట్టు అద్దాలది. రెండు కొట్లకీ మధ్య ఒకటే గోడ. అటువైపు వాళ్ళు పెద్ద పలక ఏదైనా కాస్త గట్టిగా దించితే ఇటు నా కుట్టుమిషను మీద పెట్టిన కత్తెర జరుగుతుంది. ఇన్నేళ్ళలో అది జరిగిన దూరమంతా కలిపితే ఈపాటికి ఊరు దాటి ఉండాలి. అందుకని ఆ కొట్టాయన గురించి చెప్పే హక్కు నాకుందనే అనుకుంటాను. ఆయన్ని నేను అన్నయ్య అంటాను, ఆయన భార్యని వదిన అంటాను. చుట్టరికం ఏమీ లేదు, ఆ గోడే చుట్టరికం.

అన్నయ్య పొడుగు మనిషి. ఏ గుమ్మంలోంచి వెళ్ళినా పక్కకి తిరిగే వెళతాడు, చేతుల్లో ఏమీ లేకపోయినా సరే. ఎవరింటికి వెళ్ళినా ముందు కిటికీలని పలకరించి తర్వాత మనుషుల్ని పలకరిస్తాడు. ఎదుటివాళ్ళ కళ్ళజోడు మీద మరక కనిపిస్తే అడక్కుండా తీసి, జేబులోని మెత్తగుడ్డతో తుడిచి, మళ్ళీ వాళ్ళ ముక్కు మీద పెట్టేస్తాడు. ఒకసారి నా కొట్టుకి కోటు కుట్టించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి కళ్ళజోడు అలాగే లాక్కుంటే ఆయన దొంగ దొంగ అని గోల పెట్టాడు. తీరా శుభ్రమైన జోడు పెట్టుకుని అద్దంలో చూసుకుని, నేను కుట్టిన కాలరు వంకరగా ఉందని కనిపెట్టాడు. ఆ రోజు అన్నయ్య మీద నాకు చిర్రెత్తుకొచ్చిన మాట నిజం.

ఆ కొట్టు మొదట ఆయనది కాదు, మామగారిది. అన్నయ్య అక్కడ పనికి చేరాడు. అద్దాలు మొయ్యడం ఆ పెద్దాయన దగ్గరే నేర్చుకున్నాడు. అందులో ఒక పద్ధతి ఉంది. పలకని ఇద్దరు మోస్తారు, ఒకరు ముందు, ఒకరు వెనక. ముందున్నవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. తల తిప్పితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే పలక మెలిపడుతుంది, మెలిపడిన పలక ఇంక ఎవరి మాటా వినదు. అందుకని ముందున్నవాడు చూడడు, అడుగుతాడు. ‘ఉన్నావా?’ అంటాడు. వెనకున్నవాడు ‘ఉన్నా’ అంటాడు. అంటే నా పట్టు గట్టిగా ఉంది, కాలు నిలకడగా ఉంది, నువ్వు అడుగు వెయ్యచ్చు అని. గుమ్మం దగ్గర ఒకసారి, మెట్టు దగ్గర ఒకసారి, మలుపులో ఒకసారి అడగాలి. రోడ్డు మీద పోయేవాళ్ళకి ఇది విచిత్రంగా ఉంటుంది. వెనకే ఉన్న మనిషిని ఉన్నావా అని అడుగుతారేమిటని నవ్వుతారు.

కూతుర్ని ఈయనకే ఎందుకిచ్చారని ఎవరో అడిగితే ఆ పెద్దాయన, ‘వాడు ఉన్నా అన్నాడంటే ఉంటాడు’ అన్నారట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా వదిన మూతి ముడుస్తుంది. పెళ్ళిమాటల్లో తన అందం ప్రసక్తే రాలేదని ఆవిడ బాధ.

పెద్దాయన పోయాక ముందు పట్టుకునే చోటికి వదిన తమ్ముడు వచ్చాడు. వెనక పట్టు అన్నయ్యదే, ఎందుకంటే మెట్లెక్కేటప్పుడు బరువంతా వెనకవాడి మీదే పడుతుంది. అప్పట్నించీ నాకు పొద్దున్నించి సాయంత్రం దాకా గోడ అవతల ఇదే పాట. ‘ఉన్నావా బావా?’ ‘ఉన్నా.’ ‘ఉన్నావా, నిద్రపోయావా?’ ‘నీ కబుర్లు వింటూ ఎవడు నిద్రపోతాడురా?’ ఒకరినొకరు ఆటపట్టించుకోకుండా ఒక్క పలక కూడా కొట్టు దాటేది కాదు. వినీ వినీ నాకు విసుగొచ్చేది. అది వినపడకపోతే ఎలా ఉంటుందో నాకు అప్పటికి తెలియదు.

ఒక మధ్యాహ్నం బట్టల కొట్టు వాళ్ళ కిటికీకి కావలసిన పెద్ద పలక మోసుకెళుతూ నా గుమ్మం ముందుకి వచ్చారు. అక్కడ రోడ్డు కాస్త పల్లంగా ఉంటుంది. బావమరిది మామూలుగానే ఉన్నావా అని అడిగాడు. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. అన్నయ్య మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉంది. అయినా ఉన్నా అన్నాడు. బావమరిది అడుగు వేశాడు. ఆ తర్వాత జరిగింది చూసేలోపే జరిగిపోయింది. పలక రోడ్డంతా ముక్కలైంది. అన్నయ్య నా గుమ్మం పక్కన కూలబడ్డాడు. బావమరిది అరచెయ్యి తెగి కుట్లు పడ్డాయి.

ఆసుపత్రిలో చేతికి కట్టు కట్టించుకుంటూ బావమరిది తిట్టలేదు, అరవలేదు. “ఉన్నానన్నావు కదా బావా” అన్నాడు. అంతే. ఆ ఒక్కమాటకి బదులు అరగంట తిట్టి ఉంటే బాగుండేదని వదిన ఇప్పటికీ అంటుంది.

అక్కణ్ణించి ఆ అబ్బాయి మర్యాద మొదలుపెట్టాడు. నిన్నటిదాకా ‘నువ్వు’ అన్న నోటితో ‘మీరు కూర్చోండి బావా’, ‘మీకెందుకండీ శ్రమ’ అనడం మొదలుపెట్టాడు. ఆ ‘అండీ’ వినపడినప్పుడల్లా గోడకివతల నాకే ఒళ్ళు మండేది, అవతల అన్నయ్యకి ఎలా ఉండేదో మరి. రబ్బరు కప్పులతో పలకని అంటిపెట్టుకునే చక్రాల బండి ఒకటి కొన్నాడు. పెద్ద పలకలు దాని మీద, మరీ పెద్దవైతే బజారు ఆ చివరి కొట్టు నుంచి మనిషిని పిలిపించి మోయించేవాడు. అన్నయ్యని ఫొటోఫ్రేములకి అద్దాలు కోసే చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అంత పొడుగు మనిషి ఆ బల్ల ముందు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, అరచెయ్యంత అద్దాలు కోస్తూ ఉంటే చూడబుద్ధయ్యేది కాదు.

డాక్టరు పరీక్షలన్నీ చేసి లోపం తలలో లేదు, చెవిలో ఉందన్నాడు. మనిషిని తూకంగా నిలబెట్టే ఏర్పాటు చెవి లోపల ఉంటుందట, అది అప్పుడప్పుడూ తప్పుడు లెక్క చెబుతోందట. మందు సగం పనే చేస్తుంది, మిగతా సగం ఒళ్ళే నేర్చుకోవాలి, ఫర్నిచరు కొట్టు మీది హాల్లో పొద్దున్నపూట తాయ్ చీ అని చైనా వాళ్ళ నెమ్మది కసరత్తు నేర్పుతున్నారు, వెళ్ళండి అన్నాడు. నిలబడడం నేర్చుకోవడానికి బడికి పోవాలా అని అన్నయ్య నవ్వాడు. వదిన నవ్వలేదు. ఒంటరిగా పంపితే దారిలో ఏదో ఒక కిటికీ చూస్తూ ఆగిపోతాడని నన్ను తోడు పొమ్మంది. నీకూ నడుం నొప్పి కదా అంది. నాకు నడుం నొప్పి లేదు. ఆ మధ్య వదిన బీరువా జరపడానికి సాయం రమ్మంటే తప్పించుకోవడానికి చెప్పిన నొప్పి అది. ఇప్పుడు లేదంటే బీరువా సంగతి బయటపడుతుంది. కిక్కురుమనకుండా బయల్దేరాను.

మొదటిరోజు దారిలో అన్నయ్య ఒకటే మాట అన్నాడు. “ఇది వస్తే వాడు నన్ను మళ్ళీ పలక పట్టుకోమంటాడమ్మా. నాకింకేం అక్కర్లేదు.”

హాలు రెండో అంతస్తులో ఉంది. మెట్లు ఇరుకు, మధ్యలో ఒక మలుపు. పైన నున్నటి చెక్కనేల, కిటికీలు, తెల్లగోడలు. నేర్పే ఆవిడ ఒకప్పుడు బడిలో డ్రిల్లు టీచరట. ఆ విజిలు ఎక్కడ పారేసిందో గానీ ఇప్పుడు గొంతు పెంచదు. మనిషి పొట్టి. మాకు వీపు పెట్టి ముందు నిలబడి చేసి చూపిస్తుంది, మేము చూసి చెయ్యాలి. అన్నీ మెల్లగా చెయ్యాలి. ఎంత మెల్లగా అంటే, ఆవిడ చెయ్యి ఎత్తడం మొదలుపెట్టి భుజం దాకా తెచ్చేలోపు నేను మనసులో ఒక జేబు కత్తిరించి కుట్టేసేదాన్ని.

నాకు మెల్లగా అన్నది చేతకాదు. మోటారు మిషను వచ్చేదాకా కాలితో తొక్కే మిషను మీద బతికినదాన్ని. మనసు ఎంత నెమ్మదిగా ఉందామన్నా కుడిపాదం దానంతటది టకటకా ఆడుతూనే ఉంటుంది. టీచరమ్మ వచ్చి నా పాదం వైపు చూసి, ఇది ఏం కుడుతోందమ్మా అని అడిగింది. ఊపిరీ అంతే. ఎప్పుడూ నోట్లో గుండుసూదులు పెట్టుకుని పని చెయ్యడం అలవాటై నోటితో గాలి వదలమంటే భయమేస్తుంది. నా పక్కన ఒక రిటైరైన బస్సు కండక్టరు గారు ఉండేవారు. ఒంటికాలి మీద నిలబడమనేసరికి ఆయన చెయ్యి దానంతటది పైకి లేచి, బస్సులో పైన ఉండే కడ్డీ కోసం వెతికేది. కడ్డీ దొరక్క పక్కకి ఒరిగేవారు. పక్కన నేనుండేదాన్ని.

అన్నయ్య మాత్రం మొదటిరోజే అదరగొట్టాడు. మెల్లగా అంటే ఆయన తర్వాతే ఎవరైనా. రెండు చేతుల మధ్య ఒక పెద్ద బంతి ఉందనుకోండి, దాన్ని జారిపోకుండా పట్టుకుని తిప్పండి అంది టీచరమ్మ. అన్నయ్య పట్టుకున్నాడు. కాకపోతే బంతిని కాదు. ఒక చెయ్యి పైన అంచుకి, ఒక చెయ్యి కింద అంచుకి, వేళ్ళు లోపలికి మడిచి, భుజానికి ఆనించి పట్టుకున్నాడు. మబ్బుల్లా చేతులు కదపమంటే, మధ్యలో పలక ఉన్నప్పుడు చెయ్యి అటు ఎలా పోతుందని చుట్టూ తిప్పి తెచ్చాడు. గుర్రం జూలు విడదియ్యడమనే భంగిమ చెయ్యమంటే ఆ పలకని గుమ్మంలోంచి పక్కగా దాటించాడు. పైన ఫ్యాను ఉందని తల వంచాడు. అడుగు వేసేముందు పెదవులు కదిపేవాడు. ఏమంటున్నాడా అని చెవి ఒగ్గి విన్నాను. ఉన్నా, ఉన్నా అనుకుంటున్నాడు. అడిగేవాడు లేకపోయినా జవాబు మానలేదు.

ఇదంతా టీచరమ్మకి తెలియదు, ఆవిడ వీపు మావైపు ఉంటుంది కదా. వెనక వరస వాళ్ళకి పొట్టి టీచరమ్మ కనపడదు, పొడుగు అన్నయ్యే కనపడతాడు. ఆ మనిషి అంత తాపీగా, అంత నమ్మకంగా చేస్తుంటే ఆయనకే బాగా వచ్చినట్టుంది అనుకుని అందరం ఆయన్నే చూసి నేర్చుకున్నాం. నన్ను తప్పుపట్టకండి. ఆయన అద్దం మోస్తున్నాడని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, కానీ నాకూ టీచరమ్మ కనపడేది కాదు. బంతిని చూస్తే నాకేమీ తోచేది కాదు, పలక అయితే పట్టుకునే తీరు తెలుస్తుంది. కొన్నాళ్ళకి వెనక వరస మొత్తం కనిపించని పలకలు మోస్తూ, కనిపించని ఫ్యానుకి తలలు వంచుతూ, ఎంతో బాగా కుదిరిందని సంబరపడ్డాం.

టీచరమ్మ నేర్పినదాంట్లో ఆయనకి ఎక్కనిది ఒక్కటే. తాయ్ చీలో ఒక కాలు నిండుగా ఉంటుందట, ఒకటి ఖాళీగా ఉంటుందట. బరువు మోస్తున్నది నిండు, మోయనిది ఖాళీ. ఎప్పుడు అడిగినా ఏది నిండో ఏది ఖాళీయో చెప్పగలగాలి. తెలియకపోతే తెలియదని ఆగిపోవాలి, ఆగడం కూడా ఇందులో భాగమే అని ఆవిడ చెప్పేది. అన్నయ్యని అడిగితే, రెండూ నిండేనండి అన్నాడు. రెండూ నిండితే అడుగు ఎలా వేస్తారు అంటే, వెయ్యనండి, ఇలాగే నిలబడతాను అన్నాడు. అందరూ నవ్వారు. తిరిగొచ్చే దారిలో నా కాళ్ళ సంగతి నాకు తెలియకపోవడమేమిటని నా మీద ఒంటికాలి మీద లేచాడు, అక్కడికి అడిగింది నేనైనట్టు.

ఆ మర్నాడే పడ్డాడు. కోడిపుంజులా ఒంటికాలి మీద నిలబడే భంగిమ అది. అన్నయ్య ఊగడం నేను వెనకనించి చూశాను. టీచరమ్మ ఎలా ఉంది అని అడిగితే బాగానే ఉందండి అన్నాడు, అంటూనే కండక్టరు గారి మీద పడ్డాడు. కండక్టరు గారు లేని కడ్డీ పట్టుకోబోయి నా మీద పడ్డారు. నేను ఇంకెవరి మీద పడ్డానో నాకు తెలియదు, ఆవిడ మాత్రం నాతో చాలాకాలం మాట్లాడలేదు. వరసంతా పక్కకి వాలిపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. లేచి దుమ్ము దులుపుకుంటుంటే టీచరమ్మ అన్నయ్య దగ్గరికి వచ్చి, పడబోతున్నట్టు మీకు ముందే తెలిసిందా అని అడిగింది. తెలిసింది అన్నాడు. మరి చెప్పలేదేం అంది. అన్నయ్య తల దించుకున్నాడు.

ఆ రోజు దారిలో ఏ కిటికీ వంకా చూడలేదు. మా వీధి మలుపు తిరిగాక ఆగాడు.

“ఆ రోజూ తెలుసమ్మా. వాడు అడిగేసరికే కళ్ళు తిరుగుతున్నాయి. లేనని ఒక్కసారి అంటే ఇంక ఎప్పటికీ నన్ను పట్టుకోనివ్వడని భయమేసింది. చూడు, అనకపోయినా అదే అయింది.”

నోరు మూసుకునే అలవాటు లేనిదాన్ని, అయినా మూసుకున్నాను. పాపం అనిపించింది. ఆ మాట గోడ అవతలికి వెళ్ళి చెప్పెయ్యాలనీ అనిపించింది, కానీ అది నేను చెప్పాల్సింది కాదు.

అందరం కూలిపోయిన మీదట టీచరమ్మకి అనుమానం వచ్చినట్టుంది. ఓ పొద్దున్న ముందు నిలబడి మొదలుపెట్టి, మధ్యలో మెల్లగా నడుచుకుంటూ వెనక్కి వచ్చేసింది. మేము గమనించలేదు, పలకలు మోసే హడావిడిలో ఉన్నాం. చాలాసేపు చూసి, అన్నయ్య ముందుకి వచ్చి నిలబడింది.

“బాగుంది. కానీ ఈ పెద్ద వస్తువేదో ముందు కింద పెట్టండి” అంది.

“ఎక్కడ పెట్టమంటారండి?” అన్నాడు అన్నయ్య. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

ఆవిడ గోడ చూపించింది. ఆయన వెళ్ళి, మోకాళ్ళు వంచి, కింది అంచు ముందు ఆనించి, పై అంచుని గోడకి ఒరిగించి, జారుతుందేమోనని వేలితో ఒకసారి నొక్కి చూసి, అప్పుడు వదిలాడు. అప్పట్నించీ రోజూ హాల్లోకి రాగానే ఆయన చేసే మొదటిపని అదే అయింది. ఆ గోడ పక్కన ఎవరూ చెప్పులు విడిచేవాళ్ళు కాదు. కండక్టరు గారైతే అటువైపు నడవాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేవారు.

ఆయన దించినా మేము దించలేదు. మేము మోస్తున్నామంటే మాకు నమ్మకం కుదిరితే కదా. మాటలతో లాభం లేదు, మిమ్మల్ని మీరే చూసుకోవాలి, గోడ నిండా అద్దం పెట్టిస్తాను అంది టీచరమ్మ. ఆ మధ్యాహ్నమే తిన్నగా మా పక్క కొట్టుకి వచ్చి బావమరిదికి ఆర్డరిచ్చేసింది.

అద్దం తయారైంది. ఆ కొట్టు నుంచి అంతకన్నా పెద్దది నేనెప్పుడూ చూడలేదు. చక్రాల బండి మీద ఫర్నిచరు కొట్టు దాకా హాయిగా వెళ్ళింది. అక్కడ మెట్ల దగ్గర బండి చేతులెత్తేసింది. బజారు చివరి మనిషిని పిలిపిస్తే అతను వచ్చి, మెట్లు చూసి, మలుపు చూసి, అద్దం చూసి, ఉన్నట్టుండి తనకి మోకాలి నొప్పి అన్నాడు. నడుం నొప్పి చరిత్ర ఉన్నదాన్ని, అది ఎలాంటి నొప్పో నాకు వెంటనే అర్థమైంది.

బావమరిది మొహం మాడ్చుకుని కొట్టుకి తిరిగొచ్చాడు. అన్నయ్య చిన్న బల్ల దగ్గర తల వంచుకుని ఫ్రేము తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. నేను అద్దానికి మెత్తగా ఆనించే పాత దుప్పట్లు ఇవ్వాలన్న వంకతో అక్కడే నిలబడ్డాను. ఇద్దరూ నోరు విప్పకపోతే చివరికి వదినే విప్పింది.

“నా మొగుడు పడ్డా ఏడ్చేది నేనే, నా తమ్ముడు పడ్డా ఏడ్చేది నేనే. ఇద్దరూ కలిసి వెళ్ళండి. నేను మాత్రం చూడను” అని లోపలికి వెళ్ళిపోయింది. లోపలికి వెళ్ళి కిటికీలోంచి చూసింది, అది వేరే సంగతి.

“మీరు వెనక పట్టుకోగలరా అండీ?” అన్నాడు బావమరిది.

అన్నయ్య లేచి, రెండు చేతులూ చొక్కాకి తుడుచుకుని, ఫర్నిచరు కొట్టు దాకా నడిచి, మెట్ల కింద ఉన్న అద్దం వెనక అంచు దగ్గర నిలబడ్డాడు.

మెట్ల మీద బావమరిది ముందు, అన్నయ్య వెనక, ఆ వెనక దుప్పట్ల మూటతో నేను. ఆయన పడితే ముందు పడేది నా మీదే అన్న సంగతి నాకు రెండు మెట్లెక్కాక గానీ తట్టలేదు. పైన తాయ్ చీ వాళ్ళంతా గుమ్మంలో గుంపుగా నిలబడి తొంగి చూస్తున్నారు. బావమరిది ‘ఉన్నావా’ అనలేదు. జాగ్రత్తండి, మెట్టుందండి అంటూ ఎక్కుతున్నాడు. వాళ్ళిద్దరూ అద్దం మోస్తూ అంత తక్కువ మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది, భయం వల్లో దానివల్లో తెలియదు.

మలుపు దగ్గర అద్దం తిరిగింది. మెరిసే వైపు సరిగ్గా అన్నయ్య మొహానికి ఎదురుగా వచ్చింది. అందులో మెట్లు పైకి పోతున్నాయి, గోడ పక్కకి పోతోంది, ఆయన మొహం ఆయన మీదకే వస్తోంది. ఆ మొహం తెల్లబడడం నేను ఆయన భుజం మీదుగా అద్దంలో చూశాను. అదే సున్నం రంగు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

పైనున్నవాడికి ఇదేమీ కనపడదు. కానీ ఇన్నేళ్ళు ఒకే పలక అటుకొస ఇటుకొస పట్టుకున్నవాళ్ళు, అంచులోంచి ఏదో తెలిసుంటుంది. బావమరిది ఆగాడు. తల తిప్పలేదు.

“ఉన్నావా బావా?”

అన్నయ్య నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏం వస్తుందో నాకు తెలుసు. ఎన్నేళ్ళుగానో గోడ అవతలనించి విన్నదే కదా. దుప్పట్లు గట్టిగా పట్టుకున్నాను.

“లేను” అన్నాడు అన్నయ్య. “ఆగు.”

అన్నయ్య మెల్లగా, బంతి పట్టుకోమన్నప్పుడు కూడా వంగనంత మెల్లగా, మోకాళ్ళు వంచాడు. కింది అంచుని తొడ మీదికి తీసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎడమకాలు నిండు, కుడికాలు ఖాళీ అని గొణగడం నాకు వినిపించింది. టీచరమ్మ రోజూ అడిగి అడిగి విసిగిపోయిన జవాబు ఆ మెట్ల మీద వచ్చింది. పైన కండక్టరు గారి చెయ్యి దానంతటది లేచి గుమ్మం చట్రాన్ని పట్టుకుంది.

“సరే” అన్నాడు బావమరిది. బరువు సగానికి పైగా తన మీదకి లాక్కున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి గానీ గొంతు మామూలుగానే ఉంది. “వచ్చాక చెప్పు.”

ఎంతసేపు అలా నిలబడ్డామో నాకు తెలియదు. నా కుడిపాదం కూడా కదల్లేదు. అద్దంలో అన్నయ్య మొహానికి మెల్లగా రంగు వచ్చింది. కళ్ళు తెరిచాడు.

“వచ్చా. ఇప్పుడున్నా.”

“నిజంగానా?”

“నిజంగా రా.”

మలుపు తిరిగి పైకెక్కేశారు. తర్వాతి మెట్ల మీద అడుగడుగునా ఉన్నావా అని అడుగుతూనే ఉన్నాడు, అడగాల్సిన చోటా అడగక్కర్లేని చోటా. ఆయన ఉన్నా అంటూనే ఉన్నాడు.

అద్దం గోడకి బిగించాక టీచరమ్మ ఇంక ఆలస్యం చెయ్యకుండా అందరినీ నిలబెట్టి మొదలుపెట్టమంది. మొదలుపెట్టాం. అద్దంలో చూశాం. ఒక్కొక్కరి చేతులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పెద్దవాళ్ళమంతా, మర్యాదస్తులమంతా, వరసగా నిలబడి లేని అద్దాలు మోస్తున్నాం. నేను గుండుసూదులు నోట్లో ఉన్నట్టు మూతి బిగించి మరీ మోస్తున్నాను. బావమరిది స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని మమ్మల్ని చూసి, వాళ్ళ బావని చూసి, నేల మీద కూర్చుని నవ్వాడు. చెయ్యి తెగిన రోజునుంచీ ఆ అబ్బాయి నవ్వు నేను వినలేదు. కళ్ళు తుడుచుకుని లేచి, కండక్టరు గారి దగ్గరికి వెళ్ళి, అలా పట్టుకుంటే కింది అంచు జారిపోతుందండీ అని వేళ్ళు సరిచేశాడు. టీచరమ్మ తల పట్టుకుంది.

అన్నయ్యకి ఇప్పటికీ అప్పుడప్పుడూ కళ్ళు తిరుగుతాయి. తాయ్ చీ దాన్ని మాయం చెయ్యలేదు, చేస్తుందని టీచరమ్మా చెప్పలేదు. గోడ అవతలనించి ఒక్కోసారి ‘లేను, ఆగు’ అని వినిపిస్తుంది. నేనూ మిషను ఆపి ఆగుతాను. ‘వచ్చా’ అన్నాక మళ్ళీ కుడతాను.

అద్దం బిగించిన రోజు కిందకి దిగేటప్పుడు వాళ్ళ చేతుల్లో ఏమీ లేదు. బావమరిది ముందు, అన్నయ్య వెనక, దుప్పట్లతో నేను. మలుపు దగ్గరికి రాగానే ఆ అబ్బాయి ఆగాడు. తల తిప్పలేదు.

“ఉన్నావా బావా?”

“ఉన్నా” అన్నాడు అన్నయ్య.

నన్నెవరూ అడగలేదు. అయినా నేనూ ఉన్నానన్నాను.